సీరియల్‌లో లేని మనుషులు: గేమ్ ఆఫ్ థ్రోన్స్ పుస్తకాల్లో ఎవరి దగ్గర ఆగాలి

భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మీరు అడిగింది ఇది: "గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్ మొత్తం చూసి, ఇప్పుడు మొదటి పుస్తకం మొదలుపెట్టాను. సీరియల్‌లో లేని పాత్రలు పుస్తకాల్లో చాలామంది ఉన్నారట. వాళ్లనెందుకు తీసేశారు? దానివల్ల నిజంగా నష్టం జరిగిందా, లేక పుస్తకాలు చదివినవాళ్ల పట్టుదల వల్ల అలా అనిపిస్తోందా? చదివేటప్పుడు ఎవరిని గమనించాలి?"

జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుందండి. సీరియల్ చూసేశారు కాబట్టి ఆ కథ దాచను. పుస్తకాల్లో ముందుముందు జరిగేవి కూడా కొన్ని చెప్పకుండా కుదరదు. అవి ముందే తెలియడం ఇష్టం లేకపోతే చివరి పేరా ఒక్కటి చదివి, మిగతాది పుస్తకాలయ్యాక చదువుకోండి.

నాది పాలకొల్లు. ముప్పై ఏళ్లుగా పరిషత్తు నాటికలు రాస్తున్నాను. వాటిలో సగానికి పైగా ఎవరో రాసిన కథల నుంచి మార్చుకున్నవే. ఈ ఐదు పుస్తకాలూ రెండేసి సార్లు చదివాను. పాత్రల్ని తీసేయడం అనే పని నేను చేతులారా చేసినదే కాబట్టి ముందు నా సంగతే ఒకటి చెబుతాను. మిగతా జవాబంతా దాని మీదే నిలబడుతుంది.

ఒక కథను గంట నాటికగా మార్చాను. అన్నదమ్ముల పొలం తగాదా. ఆ ఇంట్లో ఒక ముసలి మేనత్త ఉంటుంది. మూల గదిలో కూర్చుని చిన్న రోట్లో తాంబూలం దంచుకోవడం తప్ప పెద్దగా పనేమీ లేదు, మాటలు కూడా తక్కువే. మా దగ్గర ఇద్దరు ఆడ ఆర్టిస్టులకు మించి డబ్బుల్లేవు. మూడో ఆవిడంటే పారితోషికం, రానుపోను చార్జీలు, బస. అందుకని మేనత్తను తీసేశాను. ఆవిడ మాటలు నాలుగు కోడలి చేత అనిపించాను. రిహార్సల్ చక్కగా నడిచింది. మొదటి ప్రదర్శనలో కూడా నలభై నిమిషాల దాకా ఎక్కడా ఇబ్బంది లేదు. చివర్లో చిన్నకొడుకు అన్నగారి ముందు నిలబడి, ఆ పొలం తండ్రిది కాదనీ, తల్లి పుట్టింటివాళ్లు ఇచ్చిందనీ బయటపెట్టాలి. ఆ డైలాగ్‌కి చప్పట్లు పడాలి. పడలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన పక్కాయన్ని గట్టిగానే అడిగాడు, "వీడికీ సంగతి ఎవరు చెప్పారూ?" అని.

కథలో చెప్పింది మేనత్తే. పైకి చెప్పలేదు కూడా. ఏళ్ల తరబడి ఆ గదిలో ఆవిడ ఉండడమే చెప్పడం. నేను తీసింది రెండో సీన్‌లో, దెబ్బ తగిలింది ఆఖరి సీన్‌లో.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లకి వంతులు పెట్టినప్పుడు ఎగువన ఎవరో బోదెకి, అంటే చేలకు నీళ్లిచ్చే చిన్న కాలవకి, అడ్డం వేస్తారు. అడ్డం వేసిన చోట చేలు పచ్చగానే ఉంటాయి. ఎండేది శివారు చేను. అదీ ఆ రోజే కాదు, పైరు పొట్టకొచ్చాక తెలుస్తుంది. సీరియల్‌లో పాత్రల్ని తీసింది ఎక్కువగా నాలుగు, ఐదు సీజన్లలో. ఎండింది ఎనిమిదో సీజన్‌లో. మీ ప్రశ్నకు నా జవాబు స్థూలంగా ఇదే. ఎంతమందిని తీశారన్నది పెద్ద విషయం కాదు, వాళ్లు మోస్తున్న నీళ్లు తర్వాత ఎవరు మోశారన్నది విషయం.

ఎందుకు తీశారంటే, తీయకుండా కుదరదు కాబట్టి. అందులో తయారీదార్లను తప్పుపట్టను. సీరియల్ మొత్తం 8 సీజన్లు, 73 ఎపిసోడ్లు. 2011 ఏప్రిల్‌లో మొదలై 2019 మేలో ముగిసింది. పుస్తకాలు 1996, 1998, 2000, 2005, 2011లలో వచ్చాయి. మూడో పుస్తకాన్ని రెండు సీజన్లకు పంచారు. నాలుగు, ఐదు పుస్తకాలను మాత్రం ముఖ్యంగా ఐదో సీజన్‌లోకి, కొంత అటూ ఇటూ సర్ది కూర్చారు. ఆ రెండు పుస్తకాల్లోనే కొత్తవాళ్లు గుంపులు గుంపులుగా వస్తారు. పుస్తకంలో కొత్త పేరు తగిలితే వెనక అనుబంధంలో వంశాల పట్టిక ఉంది, తిరగేసి చూసుకోవచ్చు. టీవీ ముందు కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. ఒక్కో కొత్త ముఖానికి ఒక్కో నటుడు, దుస్తులు, షూటింగ్ రోజులు. మాకు మూడో ఆర్టిస్టుకే టెన్షన్, వాళ్లకు వందల మంది.

ఇంకో కారణం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పుస్తకంలో ముఖం కనబడదు. రెండో పుస్తకం చివర్లో పోయిన గద్దె కోసం పోరాడే రాకుమారి డెనేరిస్ దగ్గరికి తెల్లగడ్డపు ముసలాయన ఒకడు వస్తాడు, పేరు ఆర్‌స్టన్ అంటాడు. అతను ఒకప్పటి రాజుల అంగరక్షకుడు బారిస్టన్ సెల్మీ అని మూడో పుస్తకంలో చాలా దూరం పోయాక గానీ ఆమెకు తెలియదు. టీవీలో ఆ నటుణ్ణి మొదటి సీజన్‌లోనే చూశాం. గడ్డం పెట్టినా గుర్తుపడతాం. అందుకే మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే అతను ఎవరో చెప్పేశారు. పేజీ మీద దాచగలిగింది తెర మీద దాచలేం. ముసలాయనతో పాటు వచ్చే స్ట్రాంగ్ బెల్వాస్ అనే భారీ యోధుడూ దాంతో ఎగిరిపోయాడు. అతను ప్రతి ప్రత్యర్థికీ తన ఒంటి మీద ఒక్క గాటు పెట్టే అవకాశం ఇచ్చి ఆ తర్వాత చంపుతాడు. మీరీన్ కోట ముందు జరిగే ద్వంద్వ యుద్ధం పుస్తకంలో అతనిది, సీరియల్‌లో డారియోకి ఇచ్చారు. నాకు బెల్వాస్ అంటే ఇష్టమే, కానీ అతను లేకపోతే కథ ఆగదు. ఎడ్రిక్ స్టార్మ్ కూడా అంతే. రాబర్ట్ రాజుకి పుట్టిన ఆ పిల్లాడి బదులు రాబర్ట్‌కే పుట్టిన ఇంకో కొడుకు గెండ్రీని డ్రాగన్‌స్టోన్‌కి తీసుకెళ్లారు. నేను రాసినా అదే చేసేవాణ్ణి. లోరాస్‌కి పుస్తకంలో విల్లాస్, గార్లన్ అని ఇద్దరన్నలున్నారు. వాళ్లను తీసేసినందుకు కూడా నాకు ఫిర్యాదు లేదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. 1957లో వచ్చిన మాయాబజార్‌లో పాండవులు ఒక్క సీన్‌లోనూ కనబడరు. సుభద్ర ఉంది, అభిమన్యుడున్నాడు, ఘటోత్కచుడున్నాడు, కౌరవులంతా ఉన్నారు, కథకు మూలమైన ఐదుగురే లేరు. అయినా ఎవరికీ లోటు తెలియదు. కారణం, వాళ్లను మనం ఇంటి దగ్గర నుంచే మోసుకుని హాలుకు వెళ్తాం. ధర్మరాజు జూదంలో ఓడాడని ఒక్క మాటంటే చాలు, మిగతా భారతం మన తలకాయలో తనంతట తనే నడుస్తుంది. మా ఊళ్లలో కురుక్షేత్రం ఆడినా అంతే. ఎవరిని తీసినా జనం తమ దగ్గరున్న కథతో పూడ్చుకుంటారు.

పాతకాలంలో కూడా ఈ పని జరిగింది. రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన భారతాన్ని తర్వాత చేతపట్టిన తిక్కన, భగవద్గీతంత దాన్ని కొద్ది పద్యాల్లోకి కుదించాడు. అంత ధైర్యం ఎలా వచ్చిందంటే, వ్యాసభారతం పూర్తిగా ఎదురుగా ఉంది. ఏది తగ్గిస్తే చివరికి ఏమవుతుందో ఆయనకు తెలుసు. సీరియల్ వాళ్లకు ఈ రెండు సౌకర్యాలూ లేవు. చూసేవాళ్లలో ఎక్కువమందికి పుస్తకం తెలియదు, చూపించిందే వాళ్లకు కథ. మూలగ్రంథం పూర్తయి లేదు. ముగింపులో ముఖ్యమైన సంగతులు ఈ పుస్తకాల రచయిత మార్టిన్ వాళ్లకు నోటితో చెప్పారు గానీ, అక్కడికి చేరే దారి కాగితం మీద లేదు. దారి తెలియనప్పుడు ఏ మలుపులో ఏ మనిషి అవసరమో ఎలా తెలుస్తుంది?

ఇక అసలు నష్టాల సంగతి.

మొదటిది లేడీ స్టోన్‌హార్ట్. మూడో పుస్తకం చివరి మాటల్లో వస్తుంది. రెడ్ వెడ్డింగ్‌లో, అంటే ఫ్రేలు పెళ్లివిందులో జరిపిన ఊచకోతలో, గొంతు కోసి చంపిన కేట్లిన్ స్టార్క్ శవాన్ని నదిలో పడేస్తారు. మూడు రోజులు నీళ్లలో నానిన ఆ శవాన్ని ఆమె చిన్నకూతురు ఆర్యా పెంచిన తోడేలు ఒడ్డుకి లాగుతుంది. అప్పటికే ఎన్నోసార్లు చచ్చి బతికిన బెరిక్ డొండేరియన్ తన ప్రాణం ఆమెకిచ్చి తాను పోతాడు. లేచిన మనిషి జుట్టు తెల్లబడిపోయింది. ముఖం మీద తన గోళ్లతో తానే రక్కుకున్న గాట్లు అలాగే ఉన్నాయి. మాట్లాడాలంటే మెడ మీద కోతను చేత్తో అదిమి మూయాలి. అప్పుడు గానీ గాలి గొంతులోంచి రాదు. ఆ భంగిమ ఒక్కటి చాలు, ఏ నటికైనా జీవితకాలం గుర్తుండే పాత్ర.

మన పల్లెల్లో అన్యాయంగా చనిపోయిన ఆడపడుచు పేరంటాలై వెలుస్తుంది. గుడి కడతారు, ఏటా తీర్థం చేస్తారు, చీరా పసుపూ కుంకుమా పెడతారు. పోయిన బాధను ఊరు ఆ విధంగా చల్లారుస్తుంది. స్టోన్‌హార్ట్ దగ్గర ఆగి చదవమనేది ఇందుకే. ఆమెను చల్లార్చేవాళ్లు లేరు. ఊరికి కాపు కాయదు. దొరికిన ఫ్రేలందర్నీ ఉరితీస్తుంది, అక్కడితో ఆగకుండా తనకు మాటిచ్చి తన కూతుళ్ల కోసం దేశాలు పట్టి తిరిగిన బ్రియెన్ మెడకీ తాడు వేయిస్తుంది. పిల్లల కోసం దేవుళ్లకు మొక్కిన తల్లిలో మిగిలింది పగ ఒక్కటే.

ఆమె లేకపోవడం వల్ల రెండు చోట్ల ఎండింది. ఫ్రేల మీద పగ ఆర్యాకి వెళ్లింది. ఆరో సీజన్ చివర్లో, ఏడో సీజన్ మొదట్లో ఆమె వాళ్లను చంపుతుంటే చూసేవాళ్లు ఈలలు వేశారు. నేనూ సంతోషించినవాణ్ణే. కానీ పగ తీరడం పండగ కాదని చెప్పే మనిషి కథలోంచి పోయింది. రెండోది చనిపోయిన జాన్ స్నో మళ్లీ లేవడం. పుస్తకాల్లో బెరిక్, ఆ తర్వాత స్టోన్‌హార్ట్, చచ్చి లేచిన ప్రతిసారీ మనిషిలో కొంత పోతుందని ముందుగా మనకు చూపిస్తారు. రేపు పుస్తకంలో జాన్ లేస్తే, లేచినవాడు పూర్తిగా జానేనా అని భయపడతాం. సీరియల్‌లో జాన్ లేచి, కాస్త దిగులుపడి, యుద్ధానికి వెళ్లాడు. స్టోన్‌హార్ట్‌ని ఉంచి ఉండాల్సిందని మార్టిన్ కూడా తర్వాత బహిరంగంగానే అన్నారు.

రెండోది యంగ్ గ్రిఫ్. ఐదో పుస్తకంలో తండ్రిని చంపి పారిపోయిన టిరియన్ సముద్రం దాటాక ఎక్కేది ఓడ కాదు, రోయిన్ అనే మహానది మీద గెడలు వేసి తోసే పడవ. పేరు షై మెయిడ్. ఆ అధ్యాయాలు నేను మొదటిసారి చదివింది నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లే పంటు మీద. చుట్టూ వశిష్ఠ గోదావరి, మబ్బు, మోటార్ చప్పుడు. పుస్తకంలో పొద్దున్నే మంచు, నీళ్లలోంచి లేచే పెద్ద తాబేలు, పడవ నడిపే మొగుడూ పెళ్లాల కీచులాట, వంట పొగ. నది మీద బతికేవాళ్లను అంత దగ్గరగా, అంత మర్యాదగా చూపించిన ఫాంటసీ నేను ఇంకోటి చదవలేదు. అవతలి రేవు వచ్చి అందరూ దిగిపోయినా నేను కూర్చునే ఉన్నాను. పంటు కుర్రాడు వచ్చి "దిగరాండీ" అంటే లేచాను.

ఆ పడవలో నీలం రంగు జుట్టుతో ఒక కుర్రాడుంటాడు. అతనే ఏగాన్ టార్గేరియన్ అట, డెనేరిస్ అన్న రేగార్ కొడుకు, పసిబిడ్డగా చనిపోయాడని లోకమంతా అనుకున్నవాడు. నిజంగా అతనేనా కాదా అన్నది పుస్తకం తేల్చదు. అతణ్ణి పెంచినవాడు జాన్ కానింగ్టన్. రేగార్ స్నేహితుడు, పరువు పోయి దేశం వదిలినవాడు. నదిలో పడ్డ టిరియన్‌ని కాపాడబోయి రాతిచర్మం జబ్బు అంటించుకుంటాడు. చేతి తొడుగు కింద వేళ్లు బండబారుతుంటే ఎవరికీ చెప్పడు. తనకు మిగిలింది కొద్ది కాలమేనని తెలిసిన మనిషి, తన కుర్రాణ్ణి గద్దె ఎక్కించి పోవాలని తొందరపడతాడు. సీరియల్‌లో ఆ జబ్బును డెనేరిస్ నమ్మినబంటు జోరాకి ఇచ్చారు, ఏడో సీజన్‌లో సామ్ దాన్ని ఒలిచి నయం చేశాడు. జబ్బు మిగిలింది, తొందర పోయింది. పాత్ర పనిని ఇంకొకరికి బదిలీ చేసేటప్పుడు పైకి కనిపించే వస్తువు ఒక్కటే బదిలీ అయిన సందర్భం ఇది.

శివారు దగ్గరికి రండి. ఎనిమిదో సీజన్‌లో గూఢచారుల పెద్ద వేరిస్ ఉన్నట్టుండి డెనేరిస్‌ని వదిలి జాన్ వైపు మొగ్గుతాడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. అంత తెలివైనవాడు ఇంత పచ్చిగా దొరికిపోతాడా అని మీకు కూడా అనిపించి ఉంటుంది. పుస్తకంలో ఐదో భాగం చివర వేరిస్ తన చేత్తోనే టిరియన్ బాబాయి కెవన్ లానిస్టర్‌ని చంపి, ఎందుకో చెబుతాడు. ఆకలంటే ఏమిటో, భయమంటే ఏమిటో తెలిసేలా, చేపలు పట్టడం, వంట చేయడం, గాయానికి కట్టు కట్టడం వచ్చేలా ఏగాన్‌ని పెంచామంటాడు. రాజ్యమేలడం హక్కని కాక బాధ్యతని నేర్పామంటాడు. అంటే వేరిస్‌కి ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక పని ఉంది. ఆ కుర్రాణ్ణి తీసేశాక వేరిస్ చేతిలో పని లేదు. పని లేని వేరిస్ చివరి సీజన్లలో డెనేరిస్ పక్కన నిలబడి మాటలు చెప్పాడు. డెనేరిస్ పతనం కూడా అంతే. ఆమెకంటే ముందు వచ్చి, అదే వంశం పేరుతో, జనం ప్రేమ సంపాదించిన వేరొకరు కళ్ల ముందు ఉంటే ఆమె కోపానికి వేరు కనబడేది. పుస్తకాలు అటే వెళ్తాయని నా నమ్మకం. సీరియల్‌లో ఆ బరువంతా జాన్ మీద వేశారు, ఏగాన్ అనే పేరుతో సహా. గద్దె అక్కర్లేదని పదిసార్లు చెప్పేవాడు ఆ పోటీని ఎలా మోస్తాడు?

టైషా సంగతి వేరు. పుస్తకాల్లో కూడా ఆమె ఎక్కడా ఎదురుగా రాదు. టిరియన్ కుర్రతనంలో పెళ్లాడిన పల్లెటూరి పిల్ల. ఆమె డబ్బుకోసం వచ్చిన వేశ్య అని తండ్రి అన్నతో చెప్పించి, ఘోరం జరిపించి, పంపేశాడు. మొదటి సీజన్‌లో టిరియన్ ఈ కథ చెప్పాడు కూడా. పుస్తకంలో చెరసాల నుంచి విడిపించేటప్పుడు అన్న జేమీ నిజం చెబుతాడు: ఆ పిల్ల వేశ్య కాదు, నిన్ను నిజంగానే ప్రేమించింది. ఆ మాటతో అన్నదమ్ముల బంధం అక్కడే తెగుతుంది. తండ్రి ఆమెను మళ్లీ ఆ మాటే అన్నందుకు టిరియన్ బాణం వదులుతాడు. సీరియల్‌లో ఈ ఒక్క నిమిషం మాటలు తీసేశారు. అన్నదమ్ములు కౌగిలించుకుని విడిపోయారు. ఆ తర్వాత టిరియన్ మంచి సలహాదారుగా, మెల్లగా మాట్లాడే పెద్దమనిషిగా మారిపోయాడు. పుస్తకంలో అతను ఐదో భాగమంతా కనిపించిన ప్రతివాణ్ణీ ఆమె ఎక్కడికి పోయి ఉంటుందని అడుగుతూ, విషం కక్కుతూ తిరుగుతాడు. దీనికి కొత్త నటి అక్కర్లేదు, సెట్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. అందుకే ఈ ఒక్కటీ నేను క్షమించలేను.

నా నాటికను నేను బాగుచేసుకున్నది టైషాను చదివాకే. మేనత్తను స్టేజీ మీదకి తేలేను. కానీ ఆవిడ ఉందని చెప్పగలను. సైడ్ కర్టెన్ వెనక ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి, చేతికి చిన్న ఇనప రోలు ఇచ్చాను. మొదటి సీన్‌లో టంగు టంగు మని దంచుతాడు, కోడలు విసుక్కుంటుంది. మధ్యలో చిన్నకొడుకు మంచినీళ్ల చెంబు పట్టుకుని ఆ గదిలోకి వెళ్తాడు, చప్పుడు ఆగుతుంది, చాలాసేపటికి బయటికి వస్తాడు. ఆఖరి సీన్‌లో వాడు పొలం సంగతి బయటపెట్టగానే మళ్లీ ఒక్కసారి టంగుమని చప్పుడు. అంతే. ఆ రాత్రి ఎవరూ "ఎవరు చెప్పారు" అని అడగలేదు.

డోర్న్ అనే దక్షిణ రాజ్యం గురించి ఎక్కువ రాయను, రాస్తే కోపమొస్తుంది. అక్కడ ఆడామగా తేడా లేకుండా పెద్దబిడ్డదే వారసత్వం. అక్కడి పాలకుడు డోరాన్ పెద్దకూతురు అరియాన్ తన హక్కు తమ్ముడికి పోతోందని అనుకుని కుట్ర పన్నుతుంది, దొరికిపోతుంది, తండ్రి మనసులో అసలేముందో అప్పుడు తెలుసుకుంటుంది. తండ్రీ కూతుళ్ల మధ్య ఆ సంభాషణ నాలుగో పుస్తకంలో మెరిసే చోటు. సీరియల్‌లో ఆమె లేదు, ఆమె తమ్ముడు క్వెంటిన్ లేడు. పుస్తకంలో ఇక పగలు చాలించమని వేడుకునే, డోరాన్ తమ్ముడి ప్రియురాలు ఎల్లారియా చేత డోరాన్‌ని పొడిపించారు. విక్టేరియన్ గ్రేజాయ్‌నీ, అతని కొమ్ముబూరనూ వదిలేశారు, దాని ఫలితం చెప్పాలంటే ఆరో పుస్తకం రావాలి.

నేను చెప్పేది పుస్తకం చదివినవాళ్ల పట్టుదలేనా అనిపిస్తే, రచయితే చెప్పిన ఉదాహరణ ఒకటుంది. అది ఇదే లోకంలోని పాతకథతో వచ్చిన హౌస్ ఆఫ్ ద డ్రాగన్ సీరియల్ గురించి. 2018లో వచ్చిన మూలపుస్తకంలో హెలీనా రాణికి ముగ్గురు పిల్లలు: కవలలు జేహేరిస్, జేహేరా, రెండేళ్ల మేలోర్. హంతకులు చొరబడి, ఇద్దరు కొడుకుల్లో ఎవర్ని చంపాలో నువ్వే చెప్పమంటారు. నన్ను చంపండంటుంది, ఒప్పుకోరు. చివరికి ఏమీ తెలియని పసివాడని మేలోర్ పేరు చెబుతుంది. వాళ్లు పెద్దవాణ్ణి చంపి, మీ అమ్మ నిన్ను చంపమందని చిన్నవాడితో చెప్పి పోతారు. ఆ తర్వాత ఆ తల్లి మేలోర్ ముఖం చూడలేదు. 2024లో వచ్చిన రెండో సీజన్‌లో మేలోర్ లేడు. ఉన్న ఇద్దరిలో మగపిల్లాడెవరో చూపించమన్నారు, చూపించింది. సీన్ భయంకరంగానే ఉంది, కానీ తల్లి ఎంచుకోవడం అనేది పోయింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో మార్టిన్ తన బ్లాగులో దీని గురించే రాశారు, కాసేపటికే ఆ రాత తీసేశారు. చిన్నపిల్లలతో షూటింగ్ కష్టం, ఖర్చు అనే మాట ఆయనకు అర్థమైంది. ఆయన బెంగ ముందున్న కథ గురించి. పుస్తకంలో తర్వాత మేలోర్ చావు, ఆ వార్త విన్న హెలీనా కిటికీలోంచి దూకడం, ఆమె చావుతో నగరం రగలడం, ఇవన్నీ ఒకే బోదె మీద పారే చేలు. రెండేళ్ల పిల్లాడు ఎగువన ఉన్నాడు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది మొదటి పుస్తకం కాబట్టి అక్కడికే వస్తాను. స్టోన్‌హార్ట్ కోసం, యంగ్ గ్రిఫ్ కోసం మీరు వెతకక్కర్లేదు, వాళ్లే ఎదురొస్తారు. వెతికి పట్టుకోవాల్సింది జేన్ పూల్‌ని. వింటర్‌ఫెల్‌లో ఇంటి వ్యవహారాలు చూసే మనిషి కూతురు, కేట్లిన్ పెద్దకూతురు సాన్సాకి స్నేహితురాలు. సీరియల్ ఐదో సీజన్‌లో రామ్సే బోల్టన్ అనే క్రూరుడితో పెళ్లై సాన్సా పడిన నరకం పుస్తకంలో జేన్ పడుతుంది, ఆర్యా పేరుతో. సాన్సాకి అది జరిగితే ఉత్తరదేశపు వారసురాలికి జరిగినట్టు, లోకం లేచి వస్తుంది. జేన్‌కి తన పేరు మీద ఏడ్చే మనిషి ఒక్కరూ లేరు. ఆర్యాని కాపాడాలని సైన్యాలు కదులుతాయి, జేన్ అని తెలిస్తే ఒక్క గుర్రం కదలదు. ఆమె ఆర్యా కాదని ఖాయంగా తెలిసిన థియాన్, రామ్సే హింసలకు నలిగిపోయినవాడు, తెలిసే ఆమె చెయ్యి పట్టుకుని మంచు కప్పిన కోటగోడ మీద నుంచి దూకుతాడు. థియాన్ మళ్లీ మనిషయ్యేది అలా దూకడంలోనే. సాన్సాను కాపాడితే అది రాజకుమార్తెను కాపాడడం అయింది. పైగా అంత విలువైన సాన్సాను లిటిల్‌ఫింగర్ లాంటి లెక్కలమనిషి బోల్టన్ల చేతికి ఎందుకిచ్చాడో ఎనిమిది సీజన్లు చూసినా నాకు అర్థం కాలేదు.

మొదటి పుస్తకంలో సాన్సా తండ్రి నెడ్ స్టార్క్‌ని బంధించాక సాన్సాను ఒక గదిలో పెట్టి తలుపు వేస్తారు. ఆ గదిలో ఇంకో పిల్ల ఉంటుంది, తండ్రి కోసం ఏడుస్తూ. సాన్సాకి చిరాకేస్తుంది. తర్వాత సభలో పెద్దలు ఆ పిల్లనేం చేయాలనుకుంటే, లిటిల్‌ఫింగర్ నేను చూసుకుంటానంటాడు. రెండు వాక్యాల్లో అయిపోతుంది, సాన్సా వెంటే వెళ్లే కన్ను దాన్ని దాటేస్తుంది. అక్కడ ఒక పెన్సిల్ గీత పెట్టుకోండి. ఆ పిల్ల పేరు జేన్ పూల్.